నలుగురి ముందు ఒకే పరీక్ష

అగ్నిమాపక స్టేషన్ వెనక పెరట్లో ఆ పొద్దున రోజూ జరిగే డ్రిల్లే జరుగుతోంది. ఇంజను మోగుతోంది, నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి, దళనాయకుడు గొంతు చించుకుంటున్నాడు. ఉన్నట్టుండి హోసు పగిలింది.

హోసంటే మొక్కలకి నీళ్ళు పట్టే పైపు అనుకునేరు. గట్టి దారంతో నేసి, లోపల రబ్బరు పూసిన గొట్టం అది, మనిషి చేతి మందాన ఉంటుంది. అందులో నీళ్ళు నిండాయంటే ఇద్దరు దిట్టమైన మనుషులు పట్టుకుంటేగాని నిలవదు. అలాంటిది మధ్యలో చీలి, ఒక్క ఎగురు ఎగిరి, ముందు నిలబడి మూతి పట్టుకున్నవాణ్ణి తీసుకెళ్ళి గోడకి కొట్టింది.

పై అంతస్తులో కొనుగోళ్ళ గది కిటికీలోంచి అక్క ఇదంతా చూసింది. స్టేషన్లో ముప్పైమంది ఉంటే ముప్పైమందీ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు. నిజంగా తమ్ముడయ్యేవాడు మాత్రం ఒక్కడే, ఇప్పుడు గోడ కింద కూలబడ్డవాడు. మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. చేతిలోని పెన్ను చేతిలోనే ఉంది, కాలి చెప్పు ఒకటి మెట్ల మీదే ఉండిపోయింది.

"ఏం కాలేదక్కా," అన్నాడు తమ్ముడు, గడ్డం కింద రక్తం కారిపోతుంటే. "ఈ హోసుకి పన్నెండు అతుకులున్నాయి. పదమూడోది పడాలి, అంతే."

"నోర్ముయ్," అని అక్క రుమాలు తీసి గడ్డానికి అదిమింది.

మూడు కుట్లు పడ్డాయి. మోచెయ్యి వాచింది. డాక్టరు వారం రోజులు సెలవు రాసి, ఊరుకోక, "చదును నేల మీద కాబట్టి బతికిపోయావు. ఇదే నిచ్చెన మీద జరిగుంటే?" అన్నాడు. ఆ మాట తమ్ముడు ఆసుపత్రి గుమ్మంలోనే మరిచిపోయాడు. అక్క మాత్రం ఇంటిదాకా మోసుకొచ్చింది.

ఇంట్లో అమ్మ ఊరుకుంటుందా? కొడుకు గడ్డం చూసి అందుకుంది. "వాణ్ణి ఆ ఉద్యోగమైనా మానిపించు, ఆ గొట్టాలైనా కొను. రెండిట్లో ఏదో ఒకటి తేల్చు. ఊరందరికీ చెప్పుకుంటావుగా కొనుగోళ్ళు చూసేది నేనేనని! కొనేదానివి కొనవేం?"

"కొనడమంటే కొట్టుకెళ్ళి తెచ్చుకోవడం కాదమ్మా."

"మరేంటి?"

నిజం చెబితే అమ్మ ముక్కున వేలేసుకుంటుంది. కొత్త హోసుల కోసం ప్రకటన ఇచ్చి పదిహేను నెలలైంది. ఎనిమిది కంపెనీలు నమూనాలు పంపాయి. నమూనా అంటే ఒక నిండు హోసు. దాన్ని నానబెట్టాలి, నీడలో ఇరవై రోజులు ఆరబెట్టాలి, గరుకు నేల మీద ఈడ్చాలి, వేడి ఇనుము ఆనించాలి, ఆఖరున పంపుకి తగిలించి ఒత్తిడి పెట్టాలి. ఒత్తిడి చూపించే గేజీ ముల్లు ఇరవై మీదికి వచ్చి అయిదు నిమిషాలు నిలిస్తే నెగ్గినట్టు. ఒకదాని తర్వాత ఒకటిగా ఎనిమిదీ అయ్యేసరికి ఏడు నెలలు. తీరా చూస్తే నెగ్గినవి రెండే. కనీసం మూడు కంపెనీలు నెగ్గితేగాని ఆర్డరివ్వకూడదని నియమం. కాబట్టి మళ్ళీ ప్రకటన, మళ్ళీ ఏడు నెలలు, మళ్ళీ రెండే. మూడోసారి ప్రకటన కాగితం అక్క బల్ల మీదే ఉంది. ఇంకో మూడు నెలల్లో ఎండుగాలులు మొదలవుతాయి. ఆ కాలంలో వారానికి నాలుగు చోట్ల నిప్పు లేస్తుంది. నాలుగు చోట్లా ముందు నిలబడి హోసు మూతి పట్టుకునేది తమ్ముడే. ఆ అతుకుల గొట్టాలతోనే.

ఇంత పరీక్ష పెట్టే మహానుభావుడెవరయ్యా అంటే, సీలు బాబాయి. అక్కకి సొంత బాబాయి, నాన్న తమ్ముడు. మిగతా స్టేషన్కంతా పిలుపు బాబాయి. నెగ్గిన హోసు మీద ఆయన తన చేత్తో ఇనప సీలు కొడతాడు, ఆ సీలు చొక్కా జేబులో తప్ప ఇంకెక్కడా పెట్టడు. ఇక ఆయన గేజీ గురించి చెప్పాలంటే ఒక పూట పడుతుంది. ఇత్తడిది. చెక్కపెట్టెలో దూది మధ్య పడుకుని ఉంటుంది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు, ఇంకొకరి చేతికివ్వడు. ఏడాదికోసారి గేజీలన్నీ సరిచూడటానికి పంపమని పైనుంచి కాగితం వస్తే, "సరిగానే ఉంది" అని తానే రాసి సంతకం పెట్టేస్తాడు. తప్పేముంది మరి? ఇరవై రెండేళ్ళలో ఆయన కొత్తగా సీలు కొట్టిన హోసు ఒక్కటీ పగల్లేదు. ఇవాళ పగిలినదానికి పదమూడేళ్ళు. కంపెనీలవాళ్ళు ఆయన పేరు చెబితే హడలి చస్తారు. ఆయనకి అదంటే మహా ఇష్టం.

అక్కకి ఫైలు కట్టడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. అందుకే ఆవిడ ఇన్నాళ్ళూ పల్లెత్తు మాట అనలేదు.

మర్నాడు ఒక కంపెనీ మనిషి వచ్చాడు, నలిగిన సంచీ, అంతకన్నా నలిగిన ముఖం. మూడోసారి నమూనా పంపాలా వద్దా అని అడగడానికి వచ్చాడు.

"అమ్మా, ఒక మాట చెప్పనా, ఏమీ అనుకోరుగా?" అన్నాడు. "ఇదే హోసుని పోయిన నెల రేవు స్టేషన్లో నానబెట్టి, ఈడ్చి, కాల్చి చూశారు. అంతకు ముందు గనుల స్టేషన్లో. అంతకు ముందు మిల్లుల స్టేషన్లో. ముగ్గురూ బాగుందన్నారు. ముగ్గురికీ వేరు వేరుగా నెలలకి నెలలు పట్టింది. ఒకే హోసుని నాలుగు చోట్ల నాలుగుసార్లు చంపుతున్నారు. మీ దగ్గరైతే అది పోతుంది కూడా. మీ నీళ్ళలో ఏముందమ్మా?"

అక్క నవ్వబోయి ఆగింది. అతను వెళ్ళాక కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు పెరట్లోకి చూసింది. నాలుగు ఊళ్ళు, ఎనిమిది కంపెనీలు, అవే హోసులు, అవే నియమాలు. అయినా ఎవరి కుంపటి వాళ్ళదే. ఒక్కసారి అందరూ ఒకచోట కూర్చుని చూస్తే ఏం పోతుంది? నెగ్గినవాళ్ళ పేర్లు ముందే ఒక జాబితాలో రాసి పెట్టుకుంటే, కావలసినప్పుడు ఒక్క ఉత్తరం రాస్తే చాలదా? ఇంత చిన్న సంగతి తనకి ఇన్నేళ్ళూ తట్టనందుకు అక్కకి తన మీదే చిర్రెత్తుకొచ్చింది.

ఆ మధ్యాహ్నమే రేవు స్టేషన్‌కి ఫోన్ చేసింది. అక్కడ పరీక్షలు చూసేది ఒకావిడ, గొంతు గరగరలాడుతుంది, మాట మాత్రం సూటి.

"కలిసి పరీక్షిద్దామనా? నేనే మీకు రాద్దామని ఏడాదిగా అనుకుంటున్నా," అంది రేవావిడ అంతా విని. "మీ బాబాయిగారిని తలుచుకుని ఆగిపోయాను."

పదిరోజుల్లో మూడు ఊళ్ళూ సరేనన్నాయి. అక్క రాసుకున్నది రెండు పేజీలు. పరీక్ష ఒకేచోట, నాలుగు ఊళ్ళ మనుషుల ముందు. రేవులో వేడిగాలి గది ఉంది కాబట్టి నానబెట్టడం, ఆరబెట్టడం అక్కడే మూడు రోజుల్లో. నెగ్గిన కంపెనీ రెండేళ్ళపాటు జాబితాలో ఉంటుంది, ఎవరికి కావాలన్నా నేరుగా ఆర్డరు. సరుకు దిగినప్పుడల్లా అందులోంచి చేతికి దొరికిన ఒక హోసు తీసి ఒత్తిడి పెట్టి చూస్తారు, తేడా వస్తే కంపెనీ జాబితాలోంచి పోతుంది.

స్టేషన్ అధికారి పెద్దసారు ఆ రెండు పేజీలూ రెండుసార్లు చదివారు. ఆయనకి ఏ కాగితం చూసినా ముందు తన మెడ గుర్తొస్తుంది.

"బాగుంది. కానీ రేపు ఏదైనా పగిలితే నా మెడకి చుట్టుకుంటుంది. మీ బాబాయి సీలు పడితే నా సంతకం పడుతుంది. పడకపోతే మూడోసారి ప్రకటన ఇచ్చెయ్యి," అన్నారు.

తాడో పేడో తేల్చుకుందామని అక్క బాబాయి గదికి వెళ్ళింది. ఆయన గేజీ అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఎవరో చూసి బాగుందంటే నేను సీలు కొట్టాలా?" అన్నాడు అంతా విని. "రేపు పగిలితే మనవాడి గడ్డానికి కుట్లెయ్యడానికి రేవువాళ్ళొస్తారా?"

"ఎవరో చూడటం కాదు బాబాయ్. నువ్వే చూస్తావు. నీతోపాటు ఇంకో ముగ్గురు చూస్తారు."

"నా గేజీతోనే చూస్తాను."

"తెచ్చుకో."

"వాళ్ళ గేజీల్ని నేను నమ్మను."

"వాళ్ళూ నీదాన్ని నమ్మరట. ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటామన్నారు."

అంతే, బాబాయి ఒంటికాలి మీద లేచాడు. "నా గేజీని నమ్మరా? నా గేజీనా? రమ్మను! నలుగురి ముందూ తేలిపోవాలి ఎవరి గేజీ ఏమిటో!"

నచ్చజెప్పి ఒప్పించాలని అక్క వారం రోజులు మాటలు కూర్చుకుంది. ఆ అవసరమే రాలేదు. రోషం ఆ పని చేసిపెట్టింది.

ఇంకో మూడు వారాలకి అందరూ వీళ్ళ పెరట్లోనే కలిశారు. ఎనిమిది హోసులూ రేవులో నాని, ఆరి, తయారుగా వచ్చాయి. మిల్లుల ఊరి ఆయన, గనుల ఊరి ఆయన, రేవావిడ, తలా ఒక పెట్టె చంకలో పెట్టుకుని దిగారు. ఒక్కరూ ఇంకొకరి పెట్టె వైపు మర్యాదగా చూడలేదు. కాఫీ తాగుతున్నప్పుడు కూడా పెట్టెలు ఒళ్ళోనే ఉన్నాయి. వీళ్ళతో వేగేదెలాగా అని తల పట్టుకున్న అక్కకి తమ్ముడే దారి చూపించాడు. వాడు వర్క్‌షాపుకెళ్ళి నాలుగు నోళ్ళున్న ఇనప జాయింటు ఒకటి చేయించుకొచ్చాడు. ఒకే పంపు, ఒకే హోసు, ఒకే నీళ్ళు, దాని మీద వరసగా నాలుగు గేజీలు.

పంపు మొదలైంది. హోసు నిండి, కదిలి, బిగుసుకుంది. ముళ్ళు లేచాయి. అయిదు, పది, పదిహేను.

"ఇరవై. ఆపండి," అంది రేవావిడ.

"ఇరవై," అన్నారు మిగతా ఇద్దరూ.

"ఇరవై ఎక్కడ? పదిహేడు కూడా రాలేదు. ఇంకా కొట్టండి," అన్నాడు బాబాయి.

పంపు దగ్గరున్న మనిషి ఎవరి మాట వినాలో తెలియక అక్క వైపు చూశాడు. నలుగురూ వంగి నాలుగు అద్దాల్లోకీ చూశారు. మూడు ముళ్ళు ఇరవై మీద పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఇత్తడి గేజీ ముల్లు పదిహేడుకి ఇవతలే ఆగింది.

"మీ మూడూ తప్పు," అన్నాడు బాబాయి, తొణక్కుండా.

గనుల ఊరి ఆయన పకాలున నవ్వి, అక్క చూపు చూసి దగ్గుగా మార్చుకున్నాడు. రేవావిడ నవ్వలేదు. "మూడూ ఒకేలా ఎలా తప్పుతాయండీ?" అని మాత్రం అంది.

బాబాయి తలెత్తి పెరటి చివరి నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు. నలభై మీటర్ల ఎత్తు. అంత ఎత్తున నీళ్ళు నిలిచి ఉంటే కింద గేజీ ముల్లు కచ్చితంగా నాలుగు చూపించాలి, ఈ పనిలో ఉన్న పసివాడికైనా తెలిసిన లెక్క అది. పంపు అబద్ధమాడొచ్చు, మనిషి అబద్ధమాడొచ్చు, నీళ్ళ ఎత్తు ఆడదు.

"పదండి," అన్నాడు ఆయనే.

ట్యాంకు కింద కుళాయికి ముందు రేవావిడ గేజీ బిగించారు. నాలుగు. మిల్లులాయనది నాలుగు. గనులాయనది నాలుగు. బాబాయి తన గేజీని తానే బిగించాడు, వేరెవరినీ ముట్టుకోనివ్వలేదు. కుళాయి తిప్పాడు. ముల్లు మూడు దాటి కాస్త కదిలి ఆగిపోయింది. వేలితో అద్దం మీద కొట్టాడు. కదల్లేదు. మళ్ళీ కొట్టాడు.

అక్కకి ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. ఆ గేజీ తక్కువ చూపిస్తోంది. అంటే బాబాయి ఇరవై అనుకుని పెట్టిన ఒత్తిడి నిజానికి ఇరవై నాలుగు. పదిహేను నెలలుగా వెనక్కి పోయినవాటిలో ఎన్నో బాగున్న హోసులే. మా పరీక్ష కఠినమని ఊరంతా అనుకున్నారు, కంపెనీలు హడలాయి. తీరా చూస్తే కఠినమైంది ఒక ఇత్తడి ముల్లు. బాబాయి మీద కోపం రావాలి అనుకుంది. ఆయన ముఖం చూశాక రాలేదు. గేజీని దూదిలో పెట్టి, పెట్టె మూసి, ఎవరితోనూ చెప్పకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

"ఆయన రాకపోతే?" అంది రేవావిడ. "మేం రేపు సాయంత్రం బండికి వెళ్ళాలి."

ఆయన రాకపోతే సీలు లేదు. సీలు లేకపోతే పెద్దసారు సంతకం లేదు. మిగతా మూడు ఊళ్ళకీ జాబితా ఉంటుంది, వీళ్ళకి ఉండదు.

ఆ సాయంత్రం భోజనాల వేళకి ముందు బాబాయి ఇంటికే వచ్చాడు. చేతిలో పెట్టె లేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. తమ్ముడి గడ్డం మీద కుట్ల గుర్తుల్ని చూస్తూ నిలబడ్డాడు.

"రెండుసార్లు ఆరేసి కంపెనీల్ని వెనక్కి పంపానురా," అన్నాడు. "వాటిలో బాగున్నవీ ఉన్నాయి. ఒక్కసారి ఎవరికైనా చూపించి ఉంటే మీకు ఎప్పుడో కొత్త హోసులొచ్చేవి. నీ గడ్డం పగలగొట్టింది గొట్టం కాదు, నేనే."

తమ్ముడు గోడ వైపు తిరిగాడు. అక్క కళ్ళు తుడుచుకుంది. అమ్మ ఒక్కతే మామూలుగా ఉంది.

"అయితే ఏంటయ్యా మరిదీ?" అంది. "గేజీ చెడింది, నీ చేతులు చెడలేదుగా? ఇరవై రెండేళ్ళు పట్టి చూసిన చేతులవి. రేపు పొద్దున్నే పోయి పని చూడు. నువ్వు ఇంట్లో కూర్చుని ఏడిస్తే వీడికి కొత్త గొట్టాలొస్తాయా? ముందు కూర్చో, అన్నం తిను."

ఆయన కూర్చున్నాడు. తిన్నాడు కూడా.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు పెరట్లో ఉన్నాడు. నలుగురి ఎదుటా, దాపరికం లేకుండా, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. "నా గేజీ తప్పు. ఎన్నాళ్ళుగా తప్పో నాకు తెలియదు. సరిచూపించకుండా సంతకం పెట్టింది నేను. మొదట్నుంచీ మళ్ళీ పెడదాం, మీ మూడు గేజీలతో."

రేవావిడ తన గేజీని ఆయన చేతికిచ్చింది. "మీరే బిగించండి," అంది. ఆయన ఆ గేజీని రెండు చేతులా పట్టుకున్నాడు.

పని పరుగెత్తింది. ఒక్కొక్క హోసూ పంపు మీదికి రావడం, నిండటం, ముళ్ళు ఇరవై తాకడం, అయిదు నిమిషాలు, తర్వాతిది. మొదటి ఏడింటిలో ఒకటి మూతి దగ్గర కారి పోయింది, ఒకటి మధ్యలో ఉబ్బి పోయింది. మిగతా అయిదూ నెగ్గాయి. ఎనిమిదోది ఇరవై దగ్గర అయిదు నిమిషాలు చుక్క కారకుండా నిలిచింది. మిల్లులాయన "నెగ్గింది" అని రాసేశాడు.

"ఆగండి," అన్నాడు బాబాయి. నీళ్ళు వదిలేసి, ఆ హోసుని మడతపెట్టి, మడత దగ్గర బొటనవేలితో రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. జేబులోంచి చాకు తీసి నిలువునా కోశాడు. లోపలి రబ్బరు పొర వేలి వెడల్పున దారం నుంచి ఊడి వచ్చింది. "ఇది ఈ ఏడాది ఆగుతుంది. పై ఏడాది మడతల్లో పగులుతుంది."

ముగ్గురూ చుట్టూ చేరి ఆ పొరని లాగి చూశారు. వాళ్ళ వాళ్ళ స్టేషన్లలో ముగ్గురూ ఇదే కంపెనీ హోసుని బాగుందని రాసి ఉన్నారు. గనులాయన నవ్వలేదు ఈసారి. "మా గోదాములో ఇవి నలభై ఉన్నాయి," అని నెమ్మదిగా అన్నాడు.

"వెళ్ళగానే విప్పి చూడండి. మడత దగ్గర, వేలితో. ఇటు రండి, చూపిస్తాను," అని బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని మడత మీద పెట్టించాడు. అక్క అది చూసి ఈ పదిహేను నెలల్లో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఒక్కడి తప్పు ముగ్గురు పట్టుకున్నారు, ముగ్గురి తప్పు ఒక్కడు పట్టుకున్నాడు.

అయిదు కంపెనీలు జాబితాకెక్కాయి. నలుగురూ సంతకాలు పెట్టారు. బాబాయి సీలు అన్నిటికంటే ముందు పడింది, దాని చప్పుడు పై అంతస్తుదాకా వినిపించింది. పెద్దసారు కలం తీసి, "పగిలితే ఎవరి మెడ?" అని అలవాటుగా అడిగారు.

"నాది," అన్నాడు బాబాయి.

"నాదీ," అంది అక్క.

పెద్దసారు సంతకం పెట్టారు. మూడోసారి ప్రకటన కాగితాన్ని అక్క నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసింది. ఆ మధ్యాహ్నం ఆవిడ రాసిన ఆర్డరు ఉత్తరం పది వాక్యాలు. తొమ్మిదో రోజున లారీ వచ్చింది. నలిగిన సంచీ మనిషే ముందు సీట్లోంచి దూకాడు, ముఖం మాత్రం నలిగి లేదు. నూట ఇరవై కొత్త హోసులు! బాబాయి కళ్ళు మూసుకుని కుప్పలోంచి ఒకటి లాగాడు, సరిచూపించుకొచ్చిన గేజీతో ఒత్తిడి పెట్టాడు. అది కిమ్మనలేదు. పదిహేను నెలల్లో కాని పని, పరీక్షతో కలిపి రెండు నెలల్లో అయిపోయింది. అమ్మకి ఫోన్ చేసి చెబితే, "ఇంతేనా? ఈ మాత్రానికి ఇన్నాళ్ళా?" అంది. అమ్మని మెప్పించడం ఎవరి వల్లా కాదు.

ఎండుగాలులు ఆ ఏడు ముందే వచ్చాయి. వచ్చిన మూడో రోజు, మిట్టమధ్యాహ్నం, ఊరి చివర కలప డిపో అంటుకుంది. డిపోకి ఆనుకుని మూడు వరసల ఇళ్ళు. దగ్గరలో నీళ్ళు లేవు, అర కిలోమీటరు అవతల కాలవ ఒకటే దిక్కు. అక్కకి కబురు అందేసరికి ఇంజన్లు వెళ్ళిపోయాయి. ఆవిడా బాబాయీ దొరికిన బండి ఎక్కి వెళ్ళారు.

ఇళ్ళలోంచి జనం పిల్లల్ని ఎత్తుకుని బయటికొస్తున్నారు. రోడ్డు పొడవునా హోసులు ఒకదానికొకటి తగిలించి పరిచేశారు, కాలవ నుంచి డిపోదాకా ఇరవై అయిదు. ఇంత పొడవు లైను పాత గొట్టాలతో వేసే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు. పంపు మీద ఒత్తిడి పెంచుకుంటూ పోతున్నారు. అక్క లైను వెంట పరుగెత్తింది, ప్రతి జాయింటూ చూసుకుంటూ, ప్రతి హోసూ చేత్తో తడుముకుంటూ. అన్నీ బిగిసి, బండల్లా ఉన్నాయి. చుక్క కారలేదు. లైను చివర పొగలోకి దూరిపోయింది. అక్కడ తమ్ముడున్నాడు, నిచ్చెన మీద, రెండో అంతస్తు ఎత్తున.

"ఇంకా పెంచొచ్చా?" అని పంపు దగ్గరి మనిషి అరిచాడు.

"పెంచు!" అని బాబాయి అరిచాడు. "నేను చెబుతున్నాను, పెంచు!"

నీళ్ళు డిపో కప్పు దాటి ఇళ్ళ వైపు గోడ మీద పడ్డాయి. గంటన్నరకి రేవు ఇంజను వచ్చింది. వాళ్ళ హోసులూ ఆ జాబితాలోవే. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే విప్పి లైనుకి తగిలించారు. రెండో లైను లేచింది. సాయంత్రానికి మంట లొంగిపోయింది. డిపో సగం పోయింది. ఇళ్ళు మూడు వరసలూ నిలబడి ఉన్నాయి. జనం చప్పట్లు కొడుతున్నారు, ఎవరో ఈల వేశారు, దళనాయకుడికి ఆ రోజు అరవడానికి గొంతే మిగల్లేదు.

తమ్ముడు పొగలోంచి నడుచుకుంటూ వచ్చాడు. ముఖం నిండా మసి, పళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. అక్క ఎదురెళ్ళి వాడి రెండు భుజాలూ పట్టుకుని గడ్డం, మోచేతులు, అరచేతులు తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా గీరుడు కూడా లేదు.

"ఎలా ఉందిరా?" అంది.

"ఏది?"

"హోసు."

తమ్ముడు వెనక్కి తిరిగి, రోడ్డు పొడవునా పడుకున్న ఆ లైను వైపు అప్పుడే చూసినట్టు చూశాడు. "హోసా? దాని సంగతే గుర్తు రాలేదక్కా," అన్నాడు. "మంట ఒక్కటే చూసుకున్నాను."

అక్క అక్కడే, రోడ్డు మధ్యలో, తడినేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చేసింది. ఊరంతా చూస్తున్నా ఆవిడ పట్టించుకోలేదు.